తప్పులు చెప్పే స్నేహితుడు

ఆదివారం, బెడోక్

నేను సింగపూరుకు బయలుదేరిన రోజు, నా ప్రతి రచనా చదివి తప్పులు చెబుతానని స్నేహితుడు రామ్మూర్తి మాటిచ్చాడు. రెండు ఉత్తరాలు రాసి మానేశాడు.

ఇవాళ తొలినాటి అమెరికా కుటుంబాల ఉత్తరాల సంపుటం పూర్తిచేశాను. అందులో ఒక పాస్టరు తన కవితలను దూరపు ఊళ్లోని మిత్రుడికి పంపేవాడు. ఆ మిత్రుడు వాటిని ఇంటిల్లిపాదికీ చదివి వినిపించి, నచ్చని పాదాలను మొహమాటం లేకుండా ఎత్తిచూపేవాడు. జవాబు కాగితం నిండితే దాన్ని అడ్డంగా తిప్పి, రాసిన వరుసల మీదుగానే ఆ మిత్రుడి భార్య తన విమర్శ చేర్చేది. అలాంటి ఇల్లు దొరికినవాడు అదృష్టవంతుడు.

మనవరాలితో ఈ మాట అంటే, "ఆ రామ్మూర్తి అంకుల్‌కి నీ నవల వాట్సాప్ చెయ్ లా, తాతయ్యా" అంది, ఇక్కడివాళ్లలా మాట చివర "లా" తగిలించి.

"ముందు వాడు క్షమాపణ చెప్పనీ."

"అప్పటిదాకా బుక్ ఎవరు చదువుతారు?"

నవల ముగింపు కుదరలేదని నాకు తెలుసు. ఎక్కడ చెడిందో చెప్పగలవాడు వాడొక్కడే. అయినా ముందు రాయడం మానేసింది నేను కాదు, రామ్మూర్తి.