జపాన్ కోసం చేసిన ప్రార్థన

పాల్మాకుల,
మంగళవారం.

తమ్ముడూ బ్లెసన్,

దేవుని దయవల్ల ఇంట్లో అందరం బాగున్నాం. నీ ఫోను కలవక అమ్మ పరేషాన్ అవుతోంది, అందుకే ఈ కార్డు.

నేను పనిచేసే ఎయిర్‌పోర్టు లాడ్జిలో, విమానం రద్దయి, మిచికో అనే కెనడా ముసలమ్మ దిగింది. మనింటి ప్రార్థన కూడికకు పిలిస్తే వచ్చింది. పాస్టరుగారు ఆమె ముఖం చూసి, చేతులెత్తి, “ప్రభువా, ఈ తల్లి దేశమైన జపాన్‌ను దీవించు” అని ప్రార్థించారు. ఆమె కూడా ఆమెన్ అంది. తర్వాత నాతో మెల్లగా, “నేను పుట్టింది కెనడాలోనే. జపాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు మా ప్రభుత్వం కూడా మా ముఖాలే చూసింది” అంది.

జపాన్ సంతతి అని ఆమె కుటుంబాన్ని కొండల్లోని క్యాంపుకు తోలి, ఇల్లూ, వాళ్ళ నాన్న చేపల పడవా అమ్మేశారట. అయినా వాళ్ళన్న ఆ కెనడా సైన్యంలోనే చేరి, జపాను మాటలు తర్జుమా చేసే దుబాసీగా మన ఇండియాకు వచ్చాడట. అతను ఇక్కడ పనిచేస్తుంటే, అక్కడ అమ్మానాన్నలను సొంత ఊళ్ళో అడుగు పెట్టనివ్వలేదట! అమ్మకు చెబితే, “గిదేంది బిడ్డా! కొడుకు ఫౌజుల ఉంటే ఇల్లెట్ల గుంజుకుంటరు?” అంది.

వెళ్తూ వెళ్తూ ఆమె గోడమీద మిలిటరీ యూనిఫాంలో ఉన్న నీ ఫొటో చూసింది. నువ్వు క్షేమమేనా అని అడగలేదు. “ఈ ఇల్లు ఇంకా మీదేనా?” అని అడిగింది.

నీ ట్రంకు పెట్టె తాళంచెవి ఎక్కడ పెట్టావో రాయి. చలికి ఆ స్వెట్టరు సరిపోతోందా? నీ మేనకోడలు షెకీనాకు జ్వరం తగ్గింది. ఇల్లు మనదే, నువ్వు దిగులు పడకు. కానీ అమ్మ ఆ రోజునుంచి పట్టపగలు కూడా గేటుకు తాళం వేస్తోంది.

నీకోసం రోజూ మోకరించే
అక్క డోర్కాస్