ఐదేళ్ళకు పూసే దుంప

సెప్టెంబర్ 3

నర్సరీ కేటలాగు వచ్చింది. వెనక గోడవారన పదడుగుల జాగా ఖాళీగా ఉంది. బంతులూ గులాబీలూ పెంచేవాళ్ళు వీధినిండా ఉన్నారు. నాకు ఎవరింట్లోనూ లేనివి కావాలి. మూడింటికి టిక్కు పెట్టాను. వూడూ లిల్లీ: ఆర్నెల్లకే పూస్తుంది, పూస్తే చచ్చిన ఎలుక కంపు, పక్కింటివాళ్ళ కిటికీ కింద నాటాలి. నల్లపూల ఐరిస్: రెండేళ్ళకు పూస్తుంది. జెయింట్ లిల్లీ: పిల్లదుంప పెడితే ఐదేళ్ళకు, మనిషికంటే ఎత్తున, ఒక్కసారి పూస్తుంది. ఆపైన తల్లిదుంప చచ్చి చుట్టూ పిల్లల్ని వదిలిపోతుంది. ముప్పై ఏళ్ళు బోటనీ పాఠం చెప్పాను గానీ దాన్ని ఫొటోలో తప్ప చూడలేదు.

సెప్టెంబర్ 5, ఉదయం 7

జెయింట్ లిల్లీ మీద అడ్డగీత. ఐరిస్ మీదా గీతే. గోధుమరంగు, జిడ్డుజిడ్డుగా ఉంది. కనుబొమల పెన్సిల్. ఈ ఇంట్లో కనుబొమలు దిద్దుకునే మనిషి ఒక్కతే. రెయిన్ లిల్లీ చుట్టూ మాత్రం సున్నా చుట్టింది. అది ఆరు వారాల్లో పూస్తుందట.

అదే రోజు, సాయంత్రం

నిలదీశాను. కోడలు గిన్నెలు తోముతూ, వెనక్కి తిరక్కుండానే, ఐదేళ్ళంటే ఎవరు చూడొచ్చారు అత్తయ్యా, ఈ ఏడే పూసేవి పెట్టుకుందాం అంది.

ఎవరు చూడొచ్చారట! నా వయసు నాకు తెలియదనుకుందేమో. నేను టిక్కు పెట్టిన మూడింటికే ఫోన్లో ఆర్డరు ఇచ్చేశాను.

సెప్టెంబర్ 8

కొడుకుదీ అదే పాట. ఈసారికి తను చెప్పినట్టే కానివ్వమ్మా అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక నా మొక్కల జోలికి రానివాడు! మాట్లాడినంతసేపూ గోడవైపే చూశాడు.

మూడు వారాల క్రితం అత్తాకోడళ్ళం ఒకేరోజు చెకప్‌కి వెళ్ళాం. రిపోర్టులు వీడే తెచ్చాడు. నీవన్నీ నార్మల్ అన్నాడు. కాగితం చూపించరా అంటే ఆఫీసులో ఉండిపోయిందన్నాడు. చిన్నప్పుడు మార్కులు తగ్గినా అంతే, ప్రోగ్రెస్ కార్డు బళ్ళోనే ఉండిపోయేది.

సెప్టెంబర్ 9

నేను పోతున్నాను. దాస్తున్నారు.

సెప్టెంబర్ 10

ఇంకో సాక్ష్యం. కోడలు నాతో పోట్లాడటం మానేసింది. కూరలో ఉప్పు లేదన్నాను. అవునత్తయ్యా అంది. ఇరవై ఏళ్ళలో ఈ మాట వినలేదు. మంచమెక్కబోయేవాళ్ళతో తప్ప ఎవరైనా ఇంత మర్యాదగా ఉంటారా?

మధ్యాహ్నం నర్సరీ ఆయన ఫోన్. మీ కోడలుగారు ఆర్డరు మార్చమన్నారు అమ్మగారూ, మార్చేయమంటారా అన్నాడు. నా ఆర్డరు ముట్టుకుంటే మీ నర్సరీ గుమ్మం తొక్కనన్నాను.

సెప్టెంబర్ 12, ఉదయం 11

లైబ్రరీకని చెప్పి ఆస్పత్రికి వెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి నా రిపోర్టు కాపీ ఇచ్చింది. షుగరు కాస్త ఎక్కువ. మిగతావన్నీ బాగున్నాయి. ఈ వయసుకి సిగ్గుపడాల్సినంత బాగున్నాయి. బెంచీ మీద కూర్చుని మూడుసార్లు చదివాను. మరి దాచడం దేనికి?

లేచి వస్తుంటే ఆ అమ్మాయి వెనక్కి పిలిచింది. మామ్మగారూ, మీ కోడలుగారు గురువారం మొదటి కీమోకి వచ్చేటప్పుడు పాత రిపోర్టులన్నీ తెచ్చుకోమనండి అంది.

అదే రోజు, 3 గంటలకు

రెండు రిపోర్టులూ ఒకే కవర్లో ఉన్నాయన్నమాట. అందుకే చూపించలేదు.

ఆ గీతలు నా వయసు చూసి కొట్టినవి కావు.

సెప్టెంబర్ 13

గురువారం నేనూ వస్తున్నానన్నాను. దేనికి అత్తయ్యా అంది. కేటలాగు చదువుకోవడానికి, ఆస్పత్రి కుర్చీల్లో ఇంకేం పనుంటుంది అన్నాను. వచ్చి నా పక్కన కూర్చుని, నా కొంగుతోనే ముక్కు తుడుచుకుంది. ఉతికిన చీర. తుడుచుకోనిచ్చాను.

నర్సరీకి ఫోన్ చేశాను. రెయిన్ లిల్లీలు యాభై. జెయింట్ లిల్లీ ఒకటి.

సెప్టెంబర్ 23

అన్నీ నాటాం. ఏటా చలికాలం జెయింట్ లిల్లీ మీద ఆకులు కప్పే పని నీదే, ఐదేళ్ళూ నువ్వే చూసుకోవాలి, నా మోకాళ్ళు వంగవు అన్నాను. కోడలు దాని గొయ్యి చూసి, అంత లోతైతే కుళ్ళి ఛస్తుంది, మళ్ళీ ముప్పై ఏళ్ళు బోటనీ చెప్పారట అని చాన్నాళ్ళకి నన్ను కసిరింది.

లోతు కావాలనే తవ్వాను.