మలుపు దగ్గర ఎర్రజెండా

అన్నా,

నువ్వు పోయిన ఆరేళ్లకు బూర్గంపాడు మైదానంలో మళ్లీ మోటార్‌సైకిల్ పందేలు పెట్టారు. ఈసారి నేను బండెక్కలేదు. నువ్వు పడ్డ మలుపు దగ్గర ఎర్రజెండా పట్టుకుని నిలబడ్డాను. ఆనాడు అక్కడ ఎవరూ లేరు. దుమ్ములో నువ్వు కనబడక, వెనక వస్తున్న నేనే నీ మీదికి బండి ఎక్కించాను.

ఇవాళ మూడో చుట్టులో ఒకతను అక్కడే జారిపడ్డాడు. వచ్చే బళ్లకు ఎదురుగా జెండా ఊపుతూ పరుగెత్తాను. అన్నీ ఆగాయి. అతను లేచి హెల్మెట్ తీసి, "గట్ల వణుకుతున్నవేందన్నా? నాకేం కాలే" అన్నాడు.

ఇంటికొచ్చి వదినకు చెప్పాను. ఆమె "గా దినం గూడ ఎవరన్న నిలబడి ఉంటే బాగుండు" అంది.

నువ్వు పోయాక వదిన నాతో మాట్లాడిన మొదటి మాట అది.

నీ తమ్ముడు