నీ ఎర్రపెట్ట

అత్తమ్మా,

నీ ఎర్రపెట్టతో వేగలేక చస్తున్నాను. నువ్వు పొదగేసిన గుడ్లు నువ్వు ఆస్పత్రిలో ఉండగానే పిల్లలయ్యాయి. ఆఖరి చూపుకైనా కరోనా నిన్ను ఇంటికి రానివ్వలేదు. అప్పటి నుంచి ఆ మహాతల్లి నన్ను పెరట్లో అడుగు పెట్టనివ్వడం లేదు. నూకలు చల్లబోతే పొడుస్తుంది, నీళ్లు పెట్టబోతే మీదికి ఎగురుతుంది. ఇంత పెద్ద సూరత్‌లో దానికి నీ ఒక్కదాని చెయ్యే కావాలట!

నిన్న మధ్యాహ్నం వాన దంచి కొట్టింది. గంప కిందికి నీళ్లు చేరి పిల్లలు తడిసి వణుకుతుంటే, తీయబోయిన నా చేతులు రక్తం వచ్చేలా పొడిచింది. కార్ఖానా బంద్ అయి ఇంట్లోనే కూర్చున్న నీ కొడుకు సాయానికి రాకపోగా, "ఇడిసిపెట్టరాదు, కోడే గదా" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. పెట్టెలోంచి నీ నీలం చీర తీసి తల మీదుగా కప్పుకొని వెళ్లాను. ఆ దొంగది కిక్కురుమనలేదు! ఇన్నాళ్లూ నేను వేసిన నూకలకు విలువే లేదన్నమాట.

పిల్లల్ని ఒళ్లో వేసుకొని, పెట్టను చంకన పెట్టుకొని వంటింట్లోకి తెచ్చాను. పొయ్యి పక్కన వాటిని దించుతుండగా మామ నిద్రలేచి గుమ్మంలోకి వచ్చాడు. ఆయనకు నా వీపే కనిపించినట్టుంది.

"వాన పడుతుంది గదనే, జర చాయ్ పొయ్యరాదు" అన్నాడు.

నన్నెప్పుడూ ఆయన 'బిడ్డా' అనే పిలుస్తాడు.

నేను వెనక్కి తిరగలేదు. కొంగు ముందుకు లాక్కొని చాయ్ పెట్టాను. డాక్టర్ వద్దన్నా సరే, నువ్వు వేసేంత చక్కెర వేశాను.