మీ వదిన చెప్పిన సాక్ష్యం

చెల్లెలు రాజమ్మకు సింగానల్లూరు నుంచి అన్న రంగసామి దీవెనలు. ఇక్కడ మేమంతా బాగున్నాం. అన్నూరులో నీ మోకాళ్ళు, మీ ఆయన నోరు బాగా పనిచేస్తున్నాయా? మోకాళ్ళ గురించే నా దిగులు.

మేం కొడుకు ఇంటికి వచ్చి నాలుగు నెలలైంది. పొద్దస్తమానం టౌన్ బస్సుల మోత. కోడలి వంటకు వంక పెడదామంటే దొరకడం లేదు. ఏడిపించడానికి నువ్వు లేవు, అదొక్కటే కొరత.

నా కుడికన్ను సంగతి అడిగావు. ఎడమకంటికి ముందే చూపు లేదు, దీనికీ పొర కమ్మింది. సర్కారు ఆస్పత్రిలో ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. తీరా ఆ రోజు, పిలిస్తే రాలేదని నా పేరు కొట్టేసి, మళ్ళీ మొదటినుంచి వరసలో రమ్మన్నారు. అప్పటిదాకా గోడలు తడుముకుంటూ ఉండాలా? ఆస్పత్రుల మీద ఫిర్యాదులు విచారించే అధికారికి అర్జీ పెట్టాను. బెంచీ మీద నుంచి కదలనే లేదని ఘనంగా రాశాను.

విచారణకు వచ్చిన ఆ అధికారి అమ్మాయికి మన మనవరాలి వయసు. తాను ఆస్పత్రి మనిషీ కాదు, నా మనిషీ కాదని ముందే చెప్పింది. నా చీటీ చూసింది, ఆస్పత్రి రిజిస్టరు తెప్పించింది, నర్సును విడిగా అడిగింది. మూడుసార్లు పిలిచానని నర్సు చెప్పింది. తర్వాత, ఆ రోజు నాతో వచ్చిన మీ వదినను, పేరు వినబడిందా అని అడిగింది.

"వినబడింది తల్లీ. ఆయన వడ తినను పొయ్యుండె."

నా అర్జీ అక్కడే కూలబడింది. మరి వస్తారని నర్సుతో చెప్పలేదేమని అడిగింది.

"చెప్పాలంటే ఆయన పేరు ఎత్తాల గదా? నేనెట్లా ఎత్తేది? చెయ్యి ఊపితి. ఆయమ్మ నీళ్ళ కుళాయి చూపించె."

అధికారి నవ్వు ఆపుకుని అన్నీ రాసుకుంది, నా అబద్ధంతో సహా. కానీ చీటీ మీద మా ఫోన్ నంబరు ఉంది. ఫోన్ చెయ్యకుండా పేరు కొట్టెయ్యడం ఆస్పత్రి తప్పేనని తేల్చింది. నా వంతు నాకు తిరిగి ఇమ్మంది, ఇకమీదట ఎవరికీ అలా చెయ్యొద్దంది.

పోయిన నెల ఆపరేషన్ అయింది. ఈ ఉత్తరం ఆ కంటితోనే రాస్తున్నా. కట్టు విప్పగానే మీ వదినను చూశాను. ఇంత ముసలిదయిందని ఒక్కరూ చెప్పలేదే!

వచ్చేవాళ్ళ చేత రాగిపిండి పంపు. పెద్దమ్మకు మా ఇద్దరి దండాలు, కంటికి ఆమె దీవెన కావాలని చెప్పు.

ఒక్కటి చెప్పాలి. ఆపరేషన్ రోజు నర్సు పేరు పిలవగానే, నాకంటే ముందు మీ వదిన లేచి, "రంగసామి ఈడనే ఉండారు" అని హాలంతా వినబడేట్టు అనింది. ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి. నేను వినబడనట్టు కూర్చున్నాను. ఇంకోసారి అనింది.

నీ మేలు కోరే అన్న,
రంగసామి