చార్మినార్ ఎక్కిన మోకాలు

నల్లకుంట హాస్టల్, హైదరాబాద్

అమ్మమ్మకు శ్రీవాణి దండాలు.

ఫోన్ చేస్తే నరేందర్ మామ స్పీకర్ పెడతడు, ఆత్మకూర్ అంతా వింటది. అందుకే ఉత్తరం. వచ్చే నెల మొదటి ఆదివారం నువ్వొక్కదానివే రా, చార్మినార్ చూపిస్తా. అట్లనే నీకు ఒకర్ని చూపించాలి. పేరు ఉమేష్. ఎవరనేది రాయను, ఉత్తరం అత్త కూడా చదువుతది. మిర్యాలగూడలో అమ్మ కోదాడ సంబంధానికి తొందరపడుతున్నది. అది ఖాయమయ్యేలోపే మీరిద్దరూ కలవాలి.

నీ శ్రీవాణి

తా.క. అమ్మకు చెప్పకు. నీ కడుపుల మాట దాగదు కాబట్టి మళ్లీ రాస్తున్న: అమ్మకు చెప్పకు.

ఆత్మకూర్ (ఎస్)

బిడ్డ శ్రీవాణికి జానమ్మ దీవెనలు.

నీ తెలివి నా కాడ గాదు. పోయినేడు మీ మామ సాగర్ డ్యాం సూపిస్తనని తోలుకపోయి మిర్యాలగూడల పన్ను పీకిచ్చిండు. డ్యాం ఇప్పటిదాంక సూడలె. మోకాలు ఆపరేషన్ చేపిచ్చుకోమని మీ అమ్మ ఎన్నాళ్ల సందో ఎంటబడ్డది. ఉమేష్ అంటే ఆ మోకాలి డాక్టరే గద? పెండ్లిల కోదాడోళ్ల ముంగట నేను కుంటితే మీకు నామోషి. నా మోకాలు మంచిగనే ఉన్నది. జర సప్పుడు చేస్తది, గంతే.

మీ అమ్మమ్మ

తా.క. మీ అమ్మకు చెప్పలె. చెప్పేదేముంది, ఈ ఉపాయం ఆమెదే అయ్యుంటది.

నల్లకుంట

అమ్మమ్మా,

ఉమేష్ డాక్టర్ కాదు, బ్యాంకులో పని చేస్తడు. నిన్ను చూడాలని ఎన్నాళ్ల నుంచో అడుగుతున్నడు. ఖర్చంతా తనదే. పొద్దున ఏమీ తినకుండా రా, ఎందుకో వచ్చాక తెలుస్తది. ఆధార్ కార్డు మర్చిపోకు, అది చూపిస్తేనే ఆడోళ్లకు బస్సు ఫ్రీ, లేకుంటే టికెట్ కొడతరు.

శ్రీవాణి

తా.క. ఒంటి మీద బంగారం ఉంచుకోకు.

ఆత్మకూర్ (ఎస్)

వాణీ,

తినొద్దంటే రక్తపరీక్ష. ఆధార్ అంటే ఆపరేషన్ కాయిదాలు. బంగారం తీయమనేది ఆపరేషన్ రూములనే. సూర్యాపేట దవాఖాన్ల మీ తాతకు గిట్లనే చెప్పిర్రు. అయినా వస్త. నా కాలు మంచిగున్నదని ఆ డాక్టర్ ముంగటనే రుజువు చేస్త.

జానమ్మ

తా.క. జొన్నరొట్టెలు కడుపునిండ తిని, ఉన్న బంగారమంత పెట్టుకునే వస్త.

నల్లకుంట

అమ్మమ్మా, క్షేమంగా చేరినవ్ అనుకుంటా.

బస్టాండులో ఉమేష్ నీ కాళ్లకు మొక్కుదామని వంగితే, మోకాలు పట్టుకుంటడని ఎగిరి వెనక్కి దూకినవ్. చార్మినార్ మెట్లు ఎక్కడా ఆగకుండా ఎక్కి, పైనుంచి “డాక్టర్ సాబ్, సూసినవా” అని కేకేసినవ్. ఆయన కింద గోడ పట్టుకొని రొప్పుతున్నడు. బిర్యానీకి జాగా ఉండాలని తినకుండా రమ్మంటే, మత్తుమందు కలిపిర్రా అని ప్లేటు జరిపేసినవ్. నేను నోరు తెరిస్తే చాలు, గాజుల దుకాణంలో దూరినవ్. ఇప్పుడు సూటిగా చెప్తున్న. నేను ఉమేష్‌నే చేసుకుంటా. నెలాఖరుకు కోదాడ వాళ్లు మాట తీసుకోవడానికి వస్తున్నరు. అమ్మకు నువ్వు చెప్పకుంటే ఇక నా తరఫున చెప్పేవాళ్లు లేరు.

శ్రీవాణి

తా.క. ఆయన వేడినీళ్లలో కాళ్లు పెట్టుకొని కూర్చున్నడు. అయినా నిన్నే మెచ్చుకుంటున్నడు.

ఆత్మకూర్ (ఎస్)

బిడ్డా,

గంత సదివినా నీకు సమజ్ గాలె. చార్మినార్ దిగినంక నా చెప్పు తెగితే, పిల్లగాడు తన చెప్పులు నాకిచ్చి ఎండల ఉత్తకాళ్లతోని నడిచిండు. ఏ డాక్టరూ గట్ల నడవడు. గప్పుడే ఎరుకైంది ఎవరో. ఎరుకైనంక గూడ డాక్టర్ సాబ్ అనే పిలిచిన. నీ మొకం సూస్తుంటే మస్తు అనిపిచ్చింది.

ఇంటికొచ్చేసరికి మోకాలు గుమ్మడికాయంత అయింది. ఆపరేషన్‌కు ఒప్పుకున్న. హైదరాబాద్ల అయితేనే, మీ అమ్మ నా మంచం పక్కన ఉంటేనే అన్న. ఆమె కోదాడోళ్లను ఇప్పుడే రావొద్దన్నది. దవాఖానకు పొద్దుమాపు టిఫిన్ ఆ పిల్లగాన్నే తెమ్మను. గప్పుడు మీ ముచ్చట నేనే చెప్త. కట్టు కట్టుకోని పండుకున్న తల్లి మీద మీ అమ్మ ఎంతసేపని అరుస్తది?

మీ అమ్మమ్మ

తా.క. ఆపరేషన్ ఒక్క మోకాలుకే అన్న. రెండోది, మీ నాయిన ఒప్పుకోకుంటే ఆయన కోసం ఉంచిన.