పెళ్ళి క్యాసెట్ ఆడింది నాన్నా!

విజయవాడ

నాన్నకి,

మీ సరోజ నమస్కారాలు. మీరు, అన్నయ్య, వదిన, పిల్లలు అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను బాగున్నాను. నిజంగానే బాగున్నాను, వేళకి తింటున్నాను. ఫోనులో నా మాట మీకు వినపడదు, అన్నయ్యకి చెప్పి మీకు చెప్పమంటే సగం మింగేస్తాడు. అందుకే ఈ ఉత్తరం. ముందు అసలు సంగతి వినండి: మీ పెళ్ళి క్యాసెట్ ఆడింది!

ఇక్కడ ఉక్క మామూలుగా లేదు. మన సింధనూరు క్యాంపులో ఎండ ఉంటుంది గానీ చెమట ఇలా కారదు. తాతయ్య వాళ్ళు ఇక్కడి నుంచే ఆ క్యాంపుకి వలస వచ్చారని పేరే గానీ, నేను నోరు తెరిస్తే చాలు, "మీది కర్ణాటకా అండీ?" అంటారు. చీరల షాపులో బిల్లింగ్ పని అలవాటైంది. ఆదివారాలే గడిచేవి కావు, ఊరికే ఏడుపొచ్చేది. ఇప్పుడు రావడం లేదు, కంగారుపడకండి. అన్నయ్య పంపుతానన్న మన బియ్యం మాత్రం త్వరగా పంపమనండి.

అమ్మ చనిపోయిన ఏడాది మీరన్న మాట నా మనసులోంచి పోలేదు. "మీ అమ్మ నా పేరు పలికింది కొత్త కోడలిగా గృహప్రవేశం చేసిన నాడు ఒక్కసారే. అదీ బ్యాండు మోతలో నాకు వినపళ్ళా" అన్నారు. తర్వాత అంతా "ఏవండీ"యే కదా! అందుకే క్యాసెట్ వెంట తెచ్చుకున్నాను. ఇక్కడ ఏ వీడియో షాపులో అడిగినా, బూజు పట్టింది, పెడితే మా మిషన్ పోతుందన్నారు.

ఇది విని మా ఇంటి ఓనరు ఫాతిమా ఆంటీ అటక మీద నుంచి వాళ్ళ వీసీఆర్ దింపించింది. "మా ఆయన దుబాయ్ నుంచి తెచ్చిందమ్మా. నువ్వు కొత్తగా పాడుచేసేదేం లేదు, ఎప్పుడో పాడైంది" అంది.

మూత విప్పితే లోపలి రబ్బరు బెల్టు తారులా కరిగి చక్రానికి అతుక్కుపోయి ఉంది. గోరుతో గీకి, స్పిరిట్‌తో తుడిచాను. ఎంత సబ్బు రుద్దినా చేతుల నలుపు వదల్లేదు. బెల్టుకి బదులు పూలపొట్లం రబ్బరుబ్యాండు తగిలించి, ముందు ఆంటీ వాళ్ళ క్యాసెట్ పెట్టాను. రీలంతా నమిలేసింది! నాకు ప్రాణం పోయినంత పనైంది.

"పోనీలే, అందులో మా ఆయన గుర్రుపెట్టి నిద్రపోవడమే ఉంది" అని నవ్వింది ఆవిడ.

టేప్‌రికార్డర్లు బాగుచేసే షాపులో సరైన బెల్టు దొరికింది. బొమ్మ చదివే హెడ్డు మీద స్పిరిట్‌తో తడిపిన కాగితం కదలకుండా పట్టుకుని, ఆ హెడ్డుండే గుండ్రటి డ్రమ్మునే చేత్తో మెల్లగా తిప్పాలని ఆ షాపాయన చెప్పాడు. అలాగే తిప్పాను. మన క్యాసెట్ విప్పి, బూజంతా మెత్తటి గుడ్డతో తుడిచి ఆరబెట్టాను.

ప్లే నొక్కితే ముందు గీతలు, తర్వాత మీరు! అంత జుట్టు మీకెక్కడిది నాన్నా? నా కేకకి ఆంటీ పరిగెత్తుకొచ్చింది. కానీ మాటలేవీ? ఆ వీడియో తీసినాయన క్యాసెట్ నిండా సినిమా పాటలు కలిపేశాడు. తలంబ్రాల మీద పాట, భోజనాల మీద పాట. నాకు ఒళ్ళు మండిపోయింది. గడప దగ్గర పెద్దత్త చేతులు అడ్డం పెట్టి మొగుడి పేరు చెప్పమంటోంది, అమ్మ పెదాలు కదిలాయి, వినపడింది మాత్రం పాటే. ఇంత చేసీ ఇంతేనా అని ఏడుపొచ్చేసింది.

అంతలో పాట అయిపోయింది. రెండోది ఇంకా మొదలవలేదు. ఆ సందులో బ్యాండు మోతని మించి పెద్దత్త గొంతు ఖంగుమంది: "వినపళ్ళా, మళ్ళీ చెప్పు!"

మళ్ళీ చెప్పింది నాన్నా!

"వెంకటేశ్వర్రావు గారితో వచ్చాను. ఇంక జరగండి వదినా, కాళ్ళు కాలిపోతున్నాయి!"

వెంటనే ఇంకో పాట వచ్చి మీద పడింది. ఆ కాస్త మాటనీ ఎన్నిసార్లు వెనక్కి తిప్పి విన్నానో! "వెంకటేశ్వ" దాకా విసుక్కుంది, "ర్రావు" దగ్గరికి వచ్చేసరికి అమ్మకే నవ్వు ఆగలేదు. మీరేమో పక్కనే నిలబడి బ్యాండు వాళ్ళ వైపు చూస్తున్నారు!

పెద్దత్తకి, అన్నయ్యకి, వదినకి నా నమస్కారాలు. పిల్లలకి ముద్దులు. నన్ను చల్లగా ఉండమని దీవించండి. అమ్మ మీ పేరు నవ్వుతూ పలికింది నాన్నా. విన్నది విన్నట్టే రాశాను.

మీ అమ్మాయి
సరోజ